చర్చ: దెబ్బలు తిన్నవాడు చెయ్యెత్తితే

(విశాఖపట్నం స్టూడియోలో రికార్డు చేసిన సాహిత్య చర్చలో కొంత భాగం. పాల్గొన్నవారు ఒక కథా రచయిత్రి, ఒక సైకియాట్రిస్టు, రిటైరైన తెలుగు టీచరు.)

యాంకర్: మేడమ్, మీ కథలో అతను స్టీల్‌ప్లాంట్ ఉద్యోగి. చిన్నప్పుడు తండ్రి చేతిలో బెల్టు దెబ్బలు తిన్నాడు. ఇప్పుడు తనకో కొడుకు. తనూ అలాగే తయారవుతానేమోనని భయం. ఆ భయం ఎక్కడా మాటల్లో లేదేమిటండీ?

రచయిత్రి: మొదటి డ్రాఫ్టులో ఉంది. రెండు పేజీలు తనలో తనే కుమిలిపోతాడు. చదివితే నాకే విసుగొచ్చి కొట్టేశాను. ఒక్కటి ఉంచాను: అతను బెల్టు పెట్టుకోడు. ప్యాంటు నడుము దగ్గర బిగుతుగా కుట్టించుకుంటాడు. పెళ్లిరోజుకి భార్య మంచి తోలు బెల్టు కొనిస్తే డబ్బా అటక మీద పడేస్తాడు. ఆవిడకి ఒళ్లు మండుతుంది. అయినా అడగదు, ఇతను చెప్పడు.

టీచర్: నాకు పాలగ్లాసు ఘట్టం పట్టుకుంది. సి షిఫ్టు దిగి పొద్దున్నే ఇంటికొస్తాడు, నిద్ర లేదు. గుంటడు గ్లాసు ఒలకబోసి నాన్నని చూసి నవ్వుతాడు. చెయ్యి అప్పటికే లేచిపోయింది. గబగబా బాత్రూమ్‌లో దూరి కొళాయి తిప్పేస్తాడు. బకెట్టు నిండి పొర్లుతున్నా కట్టడు. వంటింట్లో ఆవిడ స్టవ్ సిమ్‌లో పెట్టి ఆ చప్పుడే వింటూ నిలబడుతుంది.

యాంకర్: నేనైతే చివరికి కొట్టేస్తాడనే అనుకున్నాను. ఆవు చేలో మేస్తే దూడ గట్టున మేస్తుందా అంటారు కదా!

సైకియాట్రిస్టు: ఆ సామెత పట్టుకుని రాసేవాళ్లంటే నాకు చిరాకు. 1987లో కాఫ్‌మన్, జిగ్లర్ అనే అమెరికన్ మనస్తత్వవేత్తలు అంతకుముందు వచ్చిన పరిశోధనలను తిరగేశారు. చిన్నప్పుడు హింస అనుభవించినవాళ్లలో తమ పిల్లల దగ్గర అదే చేసేవాళ్లు సుమారు 30 శాతం అని అంచనా కట్టారు. మామూలు జనంతో పోలిస్తే ఎక్కువే, కాదనను. మిగతా 70 మంది కథ ఎవరు రాస్తారు?

రచయిత్రి: నా కథలో అత్తగారికి ఈ లెక్కలు పట్టవు. పిల్లాడి మోకాలు గీసుకుపోతే ముందు అల్లుడి మొహం చూస్తుంది. రెండో అల్లుడు నిజంగానే చెంప పగలగొట్టినా, 'అల్లరి చేస్తే ఊరుకుంటారా మరి' అంటుంది.

సైకియాట్రిస్టు: సరిగ్గా పట్టారు. 2015లో కాథీ విడమ్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త బృందం 'సైన్స్' పత్రికలో దాదాపు ఇదే చెప్పింది. హింస అనుభవించిన తల్లిదండ్రుల మీద అధికారుల కన్ను ఎక్కువ, అందుకే వాళ్ల తప్పులే ఎక్కువగా రికార్డుకెక్కుతాయని.

టీచర్: నేనూ బెత్తం పట్టినదాన్నేనండీ, దాచడమెందుకు. 2009 నాటి విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ బడిలో కొట్టడాన్ని నిషేధించింది. బెత్తం బీరువాలో పెట్టాను గానీ, చెయ్యి చాన్నాళ్లు టేబుల్ మీద దాన్ని వెతుక్కునేది.

రచయిత్రి: అబ్బ, ఆ మాట నాకిచ్చెయ్యండి!

సైకియాట్రిస్టు: ఒక్క ఫిర్యాదు ఉంది. కోపమొచ్చినప్పుడల్లా అతను బాత్రూమ్‌లోకి పోవడం గొప్ప త్యాగంలా రాశారు. బయటున్న పిల్లాడికి ఏం అర్థమవుతుంది? నన్ను చూస్తే నాన్న పారిపోతాడు, అంతే.

రచయిత్రి: చివరి పేజీలో పిల్లాణ్ణి ఒళ్లో కూర్చోబెట్టుకుని తన చిన్నతనమంతా చెబుతాడు కదండీ.

సైకియాట్రిస్టు: నాలుగేళ్లవాడికా? ఆ బరువు వాడు మోస్తాడా? 'నాకు కోపమొచ్చింది, నిన్ను కొట్టను, మొహం కడుక్కుని వస్తా' అంటే చాలు. అన్నాక రావాలి.

రచయిత్రి: వచ్చి ఏం చేస్తాడు?

టీచర్: పాలు ఇంకా నేల మీదే ఉన్నాయి కదమ్మా. గుడ్డ తేవాలి.

రచయిత్రి: (నవ్వుతూ) అయితే ఆ పేజీ చింపాల్సిందే.