ఫొటో కింద ఒక్క మాట

సభకు నమస్కారం. వేదిక మీది పెద్దల పేర్లన్నీ ఆహ్వాన పత్రికలో ఉన్నాయి కనుక అందరికీ కలిపి ఒకే నమస్కారం పెడుతున్నాను. 1839లో ఇదే ఆగస్టు 19న పారిస్‌లో, ఫొటో తీసే తొలి పద్ధతుల్లో ఒకటైన డాగెర్ పద్ధతిని లోకానికి వెల్లడించారు. అందుకే ఈ రోజు మన ఫొటోగ్రాఫర్లకు పండుగ. ‘డార్క్‌రూమ్ నుంచి కంప్యూటర్ దాకా’ అన్న విషయం మీద మాట్లాడమన్నారు.

ఫొటోలు కడిగే చీకటి గదిలో, అంటే డార్క్‌రూమ్‌లో, ఎర్రబల్బు వెలుగులో, హైపో మందు వాసనలో పదిహేడేళ్లు పనిచేశాను. 1997లో మా పత్రికలో బొమ్మలు వేసే ఆర్టిస్టు మానేస్తే, ఆదివారం అనుబంధానికి ఫొటోలతోనే ఇలస్ట్రేషన్లు చేయమని నన్ను ఫొటోషాప్ ముందు కూర్చోబెట్టారు. మౌస్ పట్టడం కూడా కొత్త. తెర పక్కన పనిముట్ల వరుసలో ఒక గుర్తు చూసి చేయి ఆగిపోయింది. పుల్లకు గుండ్రటి అట్టముక్క అంటించినట్టుంది. అది మాదే! నెగటివ్‌లోని బొమ్మను పెద్దది చేసి కాగితం మీద వెలుగుగా వేసే ఎన్‌లార్జర్ కింద మొహం మరీ నల్లబడకుండా, తీగకు అట్టముక్క తగిలించి ఆడించేవాళ్లం. డాడ్జింగ్ అంటే అదే. దానితోపాటే వేళ్లు ముడిచిన చేయి. చేతుల సందులోంచి వెలుగు వదిలి, తెల్లగా పాలిపోయిన ఆకాశాన్ని ముదురు చేసే బర్నింగ్ అది. ఆ రోజుతో నా భయం పోయింది.

తర్వాత లేయర్లు, అంటే బొమ్మల్ని పొరలుగా ఒకదాని మీద ఒకటి పరచడం, నేర్చుకున్నాను. డార్క్‌రూమ్‌లో రెండు నెగటివ్‌లు కలిపి ఒక ప్రింటు తీయాలంటే పూటంతా పట్టేది. లేయర్లతో టీ చల్లారేలోపు అయిపోయేది.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. నిజానికి అది చెప్పడానికే వచ్చాను. కరువు మీద వ్యాసానికి బొమ్మ కావాలన్నారు. వేరుశనగ చేలో నిలబడిన ఒక రైతు ఫొటో నా దగ్గర ఉంది. బోరు కింద పచ్చగా ఉన్న చేను. ఆ పచ్చదనం చెరిపి, ఎండి నెర్రెలిచ్చిన చెరువు నేలను ఆయన కాళ్ల కింద పరిచాను. నీడ కూడా సరిగ్గా కుదిర్చాను. కింద ‘ఇలస్ట్రేషన్’ అని రాసి ఇచ్చాను. పేజీ కట్టేటప్పుడు చోటు చాలక ఆ మాట తీసేశారు.

నాలుగో రోజున ఆ రైతు పేపరు మడిచి చంకలో పెట్టుకుని ఆఫీసుకు వచ్చారు. ‘అయ్యా, నా చేను ఎండిందని మీకెవరు చెప్పారు?’ అన్నారు. పేపరు చూసి, అప్పిచ్చిన వ్యాపారి ఇంటిమీదికి వచ్చాడట. సవరణ వేయమని అడిగాను. బొమ్మకు సవరణ ఏమిటన్నారు. వేయలేదు.

1994లో హత్య కేసులో అరెస్టయిన అమెరికా మాజీ ఫుట్‌బాల్ ఆటగాడు ఓ.జె. సింప్సన్‌కు పోలీసులు తీసిన ఫొటోను టైమ్ పత్రిక నల్లబరిచి అట్ట మీద వేసింది. ‘ఫొటో ఇలస్ట్రేషన్’ అన్న మాట ఉంది, లోపలి పేజీలో! అదే వారం న్యూస్‌వీక్ అదే ఫొటోను మార్చకుండా వేసింది. రెండూ పక్కపక్కన అమ్మకానికి ఉంటే మోసం ఇట్టే బయటపడింది. మా రైతు పక్కన పెట్టి చూపడానికి ఇంకో పత్రిక లేదు.

ఈ సభలో సబ్‌ఎడిటర్లు ఎందరున్నారు? చేతులెత్తండి. అయ్యా, అమ్మా, చోటు చాలకపోతే నా పేరు తీసేయండి. ఆ ఒక్క మాట తీయకండి. బొమ్మను ఆనుకునే వేయండి, కళ్లద్దాలు లేకుండా చదవగలిగే అక్షరాల్లో వేయండి.

ఆ రైతు అసలు నెగటివ్, ఆనాటి పేపరు ముక్క ఈ కవరులో తెచ్చాను. కింద బల్ల మీద పెడతాను. నెగటివ్‌ను దీపానికి ఎదురుగా పట్టుకుని ఆ చేను చూడండి.