గోపాల్‌పూర్ రేవు: బరంపురం తెలుగువాళ్ళ సముద్రం

హోస్ట్: నమస్కారమండీ. బరంపురం నుంచి మన తెలుగు పాడ్‌కాస్ట్‌కి స్వాగతం. ఇవాళ గోపాల్‌పూర్ గురించి మాట్లాడుకుందాం. ఊరి నుంచి సుమారు 15 కిలోమీటర్లు. ఆదివారం సాయంత్రమైతే సగం బరంపురం అక్కడే ఉంటుంది. స్కూల్లో ఏళ్ళ తరబడి చరిత్ర చెప్పిన మా మావయ్య ఇవాళ మనతో ఉన్నారు. మావయ్యా, బీచ్‌లో ఆ పాత గోడలు, స్తంభాల దగ్గర అందరూ ఫోటోలు దిగుతారు. అవేమిటో మాత్రం ఎవరూ చెప్పరు.

మావయ్య: అవి పాత రేవు తాలూకువమ్మా. ఒకప్పుడు అది మంచి రేవు. ఇంగ్లీషువాళ్ళ కాలంలో బియ్యం, సరుకులు వెళ్ళేవి. అంతకంటే ముఖ్యంగా మనుషులు వెళ్ళేవారు. గంజాం జిల్లా నుంచి తెలుగువాళ్ళు, ఒడియావాళ్ళు కూలి పనికి బర్మా పోయేవారు. రంగూన్ బియ్యం మిల్లుల్లో, ఓడరేవులో పని. కరువొచ్చినా, అప్పు పెరిగినా "రంగం (అంటే రంగూన్) పోతే నాలుగు డబ్బులొస్తాయి" అనుకుని ఇక్కడ ఓడెక్కేవారు. మన వీధుల్లో పాత కుటుంబాలను అడిగి చూడు, ముత్తాతో, ఆయన తమ్ముడో అక్కడికి వెళ్ళినవాళ్ళే.

హోస్ట్: కానీ అక్కడ హార్బర్ లేదు కదా. అంత అలల్లో ఓడ ఒడ్డుకి ఎలా వచ్చేది?

మావయ్య: వచ్చేది కాదు. ఓడ దూరంగా లంగరు వేసి నిలబడేది. ఒడ్డు నుంచి ఓడ దాకా మనుషుల్ని, మూటల్ని పడవల మీద దాటించేవారు. ఆ పడవ సంగతి చెప్పాలి. దానికి మేకు ఉండదు. పలకకీ పలకకీ చిల్లులు పెట్టి, మధ్యలో నార కూరి, కొబ్బరి తాడుతో బిగించి కుట్టేవారు, బట్ట కుట్టినట్టు. ఎందుకంటే ఇక్కడ అల ఒడ్డు దగ్గరే విరుచుకుపడుతుంది. పడవ దబ్బున ఇసుకకి తగిలితే మేకులు కొట్టిన పలక చీలిపోతుంది. తాడు కుట్టు అయితే కాస్త వంగుతుంది, తట్టుకుంటుంది. ఆ పడవలు నడిపినవాళ్ళు మన తెలుగు జాలర్లు, వాడబలిజలు.

హోస్ట్: ఒడియావాళ్ళు నోలియాలంటారు, వాళ్ళే కదా?

మావయ్య: వాళ్ళే. పూరీ దాకా తీరంలో ఉన్న నోలియా పేటల్లో చాలామంది ఇళ్ళలో ఈ రోజుకీ తెలుగే మాట్లాడతారు. టూరిస్టు చెయ్యి పట్టుకుని అలల్లోకి తీసుకెళ్ళి స్నానం చేయించే మనిషి కూడా వాళ్ళలోవాడే. గోపాల్‌పూర్ చరిత్ర అనగానే బంగళాలు, హోటళ్ళు చెబుతారు. చెప్పాల్సిందే. 1914లో ఒక ఇటలీ దేశస్థుడు పామ్ బీచ్ హోటల్ కట్టాడు, తర్వాత అది ఒబెరాయ్‌ల చేతికి వచ్చింది. కానీ ఈ ఊరిని రేవుగా నిలబెట్టింది ఆ పడవవాళ్ళు. వాళ్ళ పేరుతో ఒక్క బోర్డు కూడా నేను చూడలేదు. నాకు నిజంగా బాధగా ఉంటుంది.

హోస్ట్: మరి రేవు ఎలా మూతపడింది?

మావయ్య: యుద్ధం. 1942లో జపాన్‌వాళ్ళు రంగూన్ పట్టుకున్నారు. దాంతో ఆ దారి తెగిపోయింది. అక్కడున్న మనవాళ్ళు వేలమంది అడవులు, కొండలు నడిచి అస్సాం వైపు వచ్చారు. దారిలో పోయినవాళ్ళు ఎందరో. ఆ తర్వాత గోపాల్‌పూర్ చాలా ఏళ్ళు ఉత్త బీచ్‌గానే ఉండిపోయింది. ఇప్పుడున్న పెద్ద పోర్టు వేరే చోట, ఆర్జిపల్లి వైపు. 2024లో అదానీవాళ్ళు కొన్నది అదే.

హోస్ట్: మనం ఒడిశాలోకి వచ్చింది కూడా ఆ రోజుల్లోనే కదా.

మావయ్య: కొంచెం ముందు. 1936 ఏప్రిల్ 1. అప్పటిదాకా గంజాం జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీలో భాగం. బరంపురం, గోపాల్‌పూర్ ఒడిశాకి వచ్చాయి. ఇచ్ఛాపురం మద్రాసు వైపే ఉండిపోయింది. వియ్యంకులు, మేనమామలు సరిహద్దుకి చెరో పక్క అయిపోయారు. అయినా రాకపోకలు ఆగలేదు. రాష్ట్రపతి వి.వి. గిరి గారు 1894లో ఈ బరంపురంలోనే, తెలుగు ఇంట్లో పుట్టారు. కార్మిక నాయకుడిగా ఎదిగిన మనిషి. కూలీలు గుంపులుగా ఓడలెక్కిన జిల్లా నుంచి అలాంటి నాయకుడు రావడం నాకైతే ఆశ్చర్యమనిపించదు.

హోస్ట్: ఇప్పుడు చూడాల్సినవి చెప్పండి. గోపాల్‌పూర్‌లో లైట్‌హౌస్, వెనక ఉప్పుటేరు అందరికీ తెలుసు.

మావయ్య: అవి చూసి వెనక్కి వచ్చేయకండి. ఉత్తరంగా వెళ్తే గంజాం ఊరు వస్తుంది. ఒకప్పుడు జిల్లాకి ముఖ్యపట్నం అదే. అక్కడ పోటగడ కోట ఉంది, 1768లో ఎడ్వర్డ్ కాట్స్‌ఫర్డ్ అనే ఇంగ్లీషు అధికారి కాలం నాటిది. 1815 ప్రాంతంలో మహమ్మారి జ్వరాలు వచ్చి ఊరు దెబ్బతింది, ఆఫీసులు వేరే చోటికి తరలిపోయాయి. కోటలో ఇప్పుడు మిగిలింది తక్కువే. అక్కడి నుంచి ఋషికుల్య నది సముద్రంలో కలిసే చోటు దగ్గరే. అదే అసలు చూడాల్సింది.

హోస్ట్: తాబేళ్ళు!

మావయ్య: ఆలివ్ రిడ్లే తాబేళ్ళు. మామూలుగా ఫిబ్రవరి, మార్చిలో రాత్రిపూట వేలల్లో ఒడ్డుకొస్తాయి. 2023లో అయితే 6 లక్షలు దాటాయి. కొన్నేళ్ళు రావు కూడా. దగ్గర నుంచి చూడాలమ్మా. తల్లి తాబేలు వెనక కాళ్ళతో కుండలా గొయ్యి తవ్వుతుంది. కాలు వంచి దోసిలితో తోడినట్టే ఇసుక పైకి తీస్తుంది. వందకి పైగా గుడ్లు పెడుతుంది. కప్పేశాక ఒళ్ళంతా అటూ ఇటూ వాల్చి దబ్ దబ్‌మని ఇసుకని గట్టిపరుస్తుంది. తర్వాత వెనక్కి చూడకుండా నీళ్ళలోకి వెళ్ళిపోతుంది. 45, 50 రోజులకి పిల్లలు బయటికొస్తాయి. వెలుతురున్న వైపు పాకుతాయి కాబట్టి ఊళ్ళో లైట్లు కనిపిస్తే దారి తప్పిపోతాయి. దయచేసి టార్చీలు, ఫోన్ ఫ్లాష్‌లు వెయ్యకండి.

హోస్ట్: వీటి కోసమే కదా చేపల వేట ఆపేది?

మావయ్య: అవును. నవంబర్ 1 నుంచి మే 31 దాకా నదీ ముఖాల దగ్గర తీరం నుంచి 20 కిలోమీటర్ల లోపు వేట నిషేధం. మంచి నిబంధనే, తాబేళ్ళు వలల్లో చిక్కి చచ్చిపోకూడదు. కానీ ఏడు నెలలు వేట లేకపోతే జాలరి ఇల్లు ఎలా గడుస్తుంది? సాయం ఆలస్యం కాకుండా అందాలి. ఎందుకంటే గుడ్లకి కాపలా కాసేది, పిల్లల్ని బుట్టల్లో ఏరి సముద్రంలో వదిలేది కూడా ఆ పేటల్లోని కుర్రాళ్ళే. వాళ్ళకి సముద్రం బెడద కూడా ఎక్కువే. పోడంపేటలో ఇళ్ళని సముద్రం కోసేసింది, జనం లోపలికి తరలిపోయారు. 2013 అక్టోబర్ 12న ఫైలిన్ తుఫాను తీరం దాటింది గోపాల్‌పూర్ దగ్గరే. దాదాపు 200 కిలోమీటర్ల గాలి. ముందే లక్షలమందిని తరలించారు కాబట్టి ప్రాణనష్టం తగ్గింది.

హోస్ట్: చివరగా, ఒక్క రోజే ఉన్నవాళ్ళు ఎలా తిరగాలి?

మావయ్య: తెల్లారేసరికి గోపాల్‌పూర్ ఒడ్డున ఉండాలి. వేట పడవలు వచ్చే వేళ అది. వల దులుపుతున్నవాళ్ళతో తెలుగులో మాట కలపండి, ఎంత కబురైనా చెబుతారు. పది దాటాక పోటగడ. మధ్యాహ్నం ఇంకా ఉత్తరానికి, రంభ దగ్గర చిలికా సరస్సు. పడవెక్కి తిరగొచ్చు. తాబేళ్ళ సీజన్ అయితే మాత్రం రంభ మానేసి ఋషికుల్యకే వెళ్ళండి, అటవీ శాఖవాళ్ళు ఎక్కడ నిలబడమంటే అక్కడే నిలబడండి. ఇంకొకటి, గోపాల్‌పూర్‌లో ఈత విషయంలో జాగ్రత్తగా ఉండాలి. నాలుగడుగులు వేసేసరికి లోతు వచ్చేస్తుంది, లోపలికి లాగే ప్రవాహం ఉంటుంది. పిల్లలతో వెళ్తే నోలియా లేకుండా నీళ్ళలో దిగొద్దు. అతనికిచ్చే డబ్బులు బేరం ఆడొద్దు.