కాలువ ముందా, కొట్లు ముందా: ఊరి పాలనపై ఫోన్-ఇన్

(విజయవాడ స్టూడియో నుంచి ప్రసారమైన కార్యక్రమానికి అక్షర రూపం. శ్రోతల సందేహాలకు ఒక విశ్రాంత పంచాయతీ విస్తరణాధికారి సమాధానమిచ్చారు.)

వ్యాఖ్యాత: నమస్కారం. పంచాయతీ నిధులు, ఊరి వ్యాపారాలు అనే అంశంపై ఈరోజు మాట్లాడుకుంటున్నాం. మొదటి శ్రోత దుగ్గిరాల ప్రాంతం నుంచి ఫోన్ చేశారు. చెప్పండమ్మా.

శ్రోత: నమస్కారమండీ. డ్వాక్రా సంఘంలో అప్పు తీసుకుని మా ఊరి సెంటరులో చిన్న కిరాణా కొట్టు పెట్టుకున్నాను. పసుపు యార్డుకూ కోల్డ్ స్టోరేజీలకూ వచ్చిపోయే లారీలవల్ల బేరాలు బాగానే పెరిగాయి. కానీ గట్టి వాన కురిస్తే సైడు కాలువ పొంగి మురుగు గడపదాకా వస్తుంది. ఆ రోజుల్లో జనం సరుకులకు తెనాలి వెళ్లిపోతున్నారు. పంచాయతీవారు మాత్రం ముందుగా దుకాణాల సముదాయం కడతామంటున్నారు, కాలువ మాట ఎత్తితే డబ్బు లేదంటున్నారు. కొట్లకు ఉన్న డబ్బు కాలువకు ఎందుకు లేదండీ?

సలహాదారు: అడగవలసిన ప్రశ్నే అడిగారమ్మా. పంచాయతీకి వచ్చే డబ్బంతా ఒకే ఖాతాకు చెందినది కాదు, దేని షరతులు దానివే. 2021–26 కాలానికి, కేంద్ర నిధుల పంపకాన్ని సూచించే 15వ ఆర్థిక సంఘం గ్రామాలకు సిఫారసు చేసిన గ్రాంటులో 60 శాతాన్ని పారిశుద్ధ్యానికీ తాగునీటికీ మాత్రమే ఖర్చు చేయాలి. మిగిలిన 40 శాతాన్ని జీతాలకూ కార్యాలయ నిర్వహణకూ కాకుండా ఊరి ఇతర అవసరాలకు వాడుకోవచ్చు. ఇళ్లనుంచి వచ్చే వాడుక నీటిని బయటికి పంపే ఏర్పాటు పారిశుద్ధ్యం కిందికే వస్తుంది కాబట్టి, మురుగు కాలువకు దారే లేదన్న మాటను మీరు వెంటనే ఒప్పుకోనక్కరలేదు. ఆ పద్దు కింద ఎంత వచ్చింది, ఏ పనికి ఎంత ఖర్చయింది అని అడగండి.

శ్రోత: మరి కొట్లు కట్టడం తప్పంటారా?

సలహాదారు: తప్పని నేను అనను. వేలంలో పాడుకున్న కొట్ల అద్దె ఏటా పంచాయతీ చేతికి వస్తుంది. ఇంటి పన్ను, కుళాయి రుసుము, సంత ఆశీలు, లైసెన్సు ఫీజులు, రిజిస్ట్రేషన్లపై వచ్చే సర్‌చార్జీలో వాటా, ఈ అద్దె, అన్నీ కలిస్తేనే ఊరికి సొంత ఆదాయం. పగిలిన కల్వర్టును, వెలగని వీధి దీపాన్ని పైవారి అనుమతుల కోసం కాచుకోకుండా బాగుచేయించేది ఆ డబ్బే. అందుకే పన్ను బకాయిలున్న ఊళ్లో మంచి సర్పంచి ఉన్నా చేతులు కట్టేసినట్టే ఉంటుంది. అయితే నేను ఉద్యోగంలో ఉండగా ఒక ఊళ్లో మురుగుకు దారి చూడకుండా కొట్లు కట్టారు. పాడుకున్నవారు రెండో వానాకాలానికే అద్దె ఆపేశారు, ఒకరిద్దరు తాళాలు తెచ్చి ఇచ్చేశారు. అప్పు చేసి సరుకు పెట్టుకున్నవారి ముఖాలు నాకింకా గుర్తున్నాయి. అందువల్ల మీ ఊరికి కాలువే ముందు రావాలన్నది నా అభిప్రాయం.

వ్యాఖ్యాత: అది సాధించడానికి ఆవిడ ఏం చేయాలి?

సలహాదారు: ముందుగా ఆ రోడ్డు ఎవరిదో తెలుసుకోవాలి. అది రోడ్లు భవనాల శాఖదైతే పక్క కాలువ తవ్వడానికి పంచాయతీ ఒక్కటే నిర్ణయించలేదు, శాఖ ఇంజనీరు అనుమతి కావాలి. రెండోది, కాలువ చివర ఎక్కడ కలుస్తుందో చూడాలి. మీది కృష్ణా పశ్చిమ డెల్టా, చదునైన నేల, నీరు తనంతట తాను పరుగెత్తదు. మీ కొట్టు ముందు ఎంత లోతుగా కట్టినా, దిగువన కలిసే మురుగు కాలువ పూడిపోయి ఉంటే వాననీరు వెనక్కి తన్నుతుంది. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడలో సింగ్‌నగర్ మునిగినప్పుడు, నీటికి దారి లేకపోతే ఏమవుతుందో మనం కళ్లారా చూశాం. కాబట్టి అంచనా వేసేటప్పుడే మట్టాలు కొలిపించమని కోరండి.

ఆ తర్వాత గ్రామసభ. ఊరి ఓటర్ల జాబితాలో పేరున్న ప్రతి ఒక్కరూ అందులో సభ్యులే, మీకక్కడ ఎవరి అనుమతీ అవసరం లేదు. 2024 ఆగస్టు 23న రాష్ట్రంలోని 13,326 పంచాయతీల్లో ఒకేరోజు సభలు జరిపారు. కానీ సభ జరగడం వేరు, మీ మాట తీర్మానంలోకి ఎక్కడం వేరు. సెంటరులోని కొట్లవారు, సంఘం సభ్యులు కలిసి వెళ్లి, గ్రామ పంచాయతీ అభివృద్ధి ప్రణాళికలో ఈ కాలువను మొదటి పనిగా చేర్చాలని రాతపూర్వకంగా ఇవ్వండి. మినిట్స్ పుస్తకంలో ఆ మాట రాశాకే సంతకం పెట్టండి. అందరూ ఇంటి పన్ను రసీదులు వెంట తీసుకెళ్తే మీ కోరికకు బలం ఉంటుంది.

శ్రోత: మా ఆయన బకాయి ఉందండీ, ముందు అది కట్టేస్తాం.

సలహాదారు: చాలా సంతోషమమ్మా.

వ్యాఖ్యాత: గుంటూరు దగ్గరి పల్లె నుంచి మరో శ్రోత.

శ్రోత: అయ్యా, మా వీధి సిమెంటు రోడ్డు ఏడాదికే పెచ్చులూడింది. లెక్కలు అడిగితే చూపించడం లేదు.

సలహాదారు: ఈ-గ్రామ్ స్వరాజ్ వెబ్‌సైటులో మీ పంచాయతీ పేరు కింద ప్రణాళిక, చెల్లింపులు కనిపిస్తాయి, ముందు అవి చూడండి. ఉపాధి హామీ నిధులతో వేసిన రోడ్డయితే ఆ వివరాలు ఆ పథకం వెబ్‌సైటులో వెతకాలి. అక్కడ దొరకకపోతే సమాచార హక్కు చట్టం కింద పంచాయతీ కార్యదర్శికి దరఖాస్తు ఇవ్వండి. మన రాష్ట్రంలో గ్రామస్థాయిలో దరఖాస్తు రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు. 30 రోజుల్లో జవాబివ్వాలి. ఊరికే లెక్కలు కావాలని రాయకుండా, ఆ రోడ్డు అంచనా ప్రతి, కొలతల పుస్తకంలోని పేజీలు, బిల్లు నకలు అని విడివిడిగా అడగండి. కొలతల పుస్తకంలో రాసిన మందం, మీ వీధిలో పెచ్చు లేచినచోట కనిపించే మందం పక్కపక్కన పెట్టి చూస్తే పని ఎలా జరిగిందో తేలుతుంది. దరఖాస్తు ఇచ్చినట్టు తేదీతో సహా రసీదు తీసుకోవడం మరవకండి.