గోడ అవతలే స్కూలు, వెళ్లాలంటే రెండు కిలోమీటర్లు

హాయ్ అందరికీ. మొన్న హైదరాబాద్ శివార్లలో ఉండే ఫ్రెండ్ ఇంటికెళ్లా, బాల్కనీలో టీ తాగుతుంటే గోడ అవతల స్కూలు బెల్లు వినిపిస్తోంది, పిల్లల అరుపులు కూడా, మీవాడు నడిచే వెళ్తాడా అంటే నవ్వాడు. బస్సట. గేటు దాటి మెయిన్ రోడ్డెక్కి, యూటర్న్ కొట్టి, పక్క వెంచర్ గేట్లోంచి లోపలికి. దగ్గరదగ్గర రెండు కిలోమీటర్లు, గోడ దూకితే వంద మీటర్లు కూడా లేదు!

(స్క్రీన్ మీద: చార్మినార్ మ్యాప్)

ఎందుకిలా అయ్యిందో తెలియాలంటే ఊళ్లో రోడ్లు ఎలా పెరిగాయో చూడాలి. 1591లో చార్మినార్ కట్టినప్పుడు నాలుగు దిక్కులకీ నాలుగు రోడ్లు, ఊరు వాటి చుట్టూ అల్లుకుంది, ఇళ్లు ఎన్నిసార్లు కూలి లేచినా ఆ రోడ్లు మాత్రం అక్కడే ఉన్నాయి. పాతబస్తీలో బంద్ గల్లీలు, అంటే చివర మూసుకుపోయేవి, లేవా అంటే బోలెడు, కాకపోతే చిన్నవి, నాలుగడుగులు వెనక్కొస్తే ఇంకో గల్లీ దొరుకుతుంది. తర్వాత కూకట్‌పల్లిలో హౌసింగ్ బోర్డు వేసిన కేపీహెచ్‌బీ కాలనీ చూడండి, ఒక రోడ్డు జామైతే పక్క రోడ్డుంది.

ఇప్పుడు మ్యాప్ ఊరి చుట్టూ తిరిగే ఔటర్ రింగ్ రోడ్డు, అదే ఓఆర్ఆర్ వైపు జరుపుదాం. ఇక్కడ ఊరు సర్వే నంబర్లని బట్టి పెరిగింది. ఒకాయన పదెకరాలు అమ్మితే అక్కడో వెంచర్, పక్కాయన అయిదేళ్లాగి అమ్మితే అక్కడ గేటెడ్ కమ్యూనిటీ, ఎవరి ముప్పై అడుగుల రోడ్డు వాళ్లదే, చివర్లో కాంపౌండ్ వాల్. ఎడ్లబండ్లు తిరిగిన నక్ష బాటలు, అంటే ఊరి పాత మ్యాపుల్లో గీసున్న దారులు కూడా కొన్నిచోట్ల గోడల్లో కలిసిపోయాయి. 158 కిలోమీటర్ల ఓఆర్ఆర్ మీద పటాన్‌చెరు నుంచి శంషాబాద్ రయ్యిన వెళ్లొచ్చు, పక్క కాలనీకి మాత్రం దారి లేదు, ఇదేం లెక్కో!

రోడ్లు ఒకదానితో ఒకటి ఎంత కలుస్తున్నాయో కొలవడం ఈజీనే. కూడలి కూడలికీ ఎన్ని దారులు కలుస్తున్నాయో లెక్కపెట్టండి. నాలుగుంటే బాగున్నట్టు, ఒకటే ఉంటే డెడ్ ఎండ్. డెడ్ ఎండ్‌లు ఎక్కువైతే పాల ప్యాకెట్‌కి బయల్దేరిన బండి కూడా మెయిన్ రోడ్డే ఎక్కాలి, మనమేమో ట్రాఫిక్ పెరిగింది ఫ్లైఓవర్ కట్టండి అంటాం.

ప్రభుత్వం లింక్ రోడ్లు వేస్తోంది, కాదనను. కానీ ఇళ్లు లేచాక స్థలం కొనాలి, గోడ కొట్టాలి, అసోసియేషన్ వాళ్లు బయటి బళ్లొస్తాయని ఒప్పుకోరు. వాళ్ల భయమూ అబద్ధం కాదు.

అన్నట్టు మావాడి గోడకి ఒకచోట ఇటుకలు ఊడి కంత పడింది, వాచ్‌మెన్ పిల్లలు అందులోంచే స్కూలుకెళ్తున్నారు. దాన్ని పూడ్చాలని పోయిన మీటింగ్‌లో తీర్మానం చేశారట.