ఎక్కడం సరే, దిగేదెలాగ?

శ్రోతలకు నమస్కారం.

బౌల్డరింగ్, అంటే బండలెక్కే ఆట కోసం ట్రిప్పు ప్లాన్ చేస్తుంటే, రాళ్ళెక్కడానికి కూడా ప్లానింగ్ కావాలా అని మా నాన్న నవ్వారు. ఆయన చిన్నప్పుడు మేకలు తోలుకెళ్ళి ఊరి గుట్టమీద గుండ్లన్నీ ఎక్కి ఆడినవారే. చెప్పులు కింద వదిలేసి ఎక్కేవాళ్ళం, ఆకలేస్తే దిగేవాళ్ళం, ఇందులో ఏముందంటారు. నిజమే, బౌల్డరింగ్ అంటే ఇంచుమించు అదే. తాడు ఉండదు, నడుముకు బెల్టు ఉండదు. రెండు నిలువులో మూడు నిలువులో ఎత్తున్న బండను ఒట్టి చేతులతో ఎక్కాలి. పట్టు తప్పితే నేలమీదికే. ప్లానింగ్ అంతా ఆ నేల గురించే.

మా గుంపు ఏటా వెళ్ళేది కర్ణాటకలోని ఆనెగొందికి. తుంగభద్రకు ఒక ఒడ్డున హంపీ, ఎదుటి ఒడ్డున ఆనెగొంది. హైదరాబాద్ నుంచి రాయచూరు, సింధనూరు మీదుగా గంగావతి చేరితే అక్కడికి దగ్గరే. రాత్రి బస్సెక్కితే తెల్లారేసరికి దిగొచ్చు. కనుచూపు మేర గుండ్లే. ఎవరో తెచ్చి పేర్చినట్టుంటాయి గానీ, ఎవరూ పేర్చలేదు. నేల కింద ఉన్నప్పుడే గ్రానైటు నిలువునా అడ్డంగా బీటలు వారింది. ఆ బీటల్లోకి నీరు దిగి, మూలలు అరిగి గుండ్రమయ్యాయి. తర్వాత పైనున్న మట్టి కొట్టుకుపోయి రాళ్ళు బయటపడ్డాయి. మన ఖాజాగూడ రాళ్ళదీ ఇదే పుట్టుక. కాకపోతే హైదరాబాద్‌లో అపార్టుమెంట్లు లేస్తున్నకొద్దీ రాళ్ళు తగ్గిపోతున్నాయి. వాటిని కాపాడాలని సొసైటీ టు సేవ్ రాక్స్ వాళ్ళు 1996 నుంచి మొత్తుకుంటూనే ఉన్నారు.

మొదటిసారి మేం ఏప్రిల్‌లో వెళ్ళాం. సెలవులు అప్పుడే దొరికాయి మరి. ఉదయం తొమ్మిదికే రాయి అట్లపెనంలా కాలింది. చెమటకు వేళ్ళు జారుతున్నాయి. జారినప్పుడల్లా గ్రానైటు గరుకు చర్మాన్ని కొబ్బరికోరులా గీకేసింది. రెండోరోజు అన్నం కలుపుకుంటే పులుసు తగిలి వేళ్ళు భగ్గుమన్నాయి, స్పూన్లు అడుక్కుని తిన్నాం. డిసెంబర్, జనవరి నెలలు మేలు. అప్పుడైనా తెల్లవారుజామున ఎక్కి, ఎండెక్కేసరికి ఆపేసి, మళ్ళీ సాయంత్రం నాలుగు దాటాక మొదలుపెట్టాలి. రెండు రోజులు ఎక్కితే మూడోరోజు చేతులకు సెలవివ్వాలి. నాలుగు రోజుల ట్రిప్పులో ఒకరోజు ఊరికే పోతోందని బాధపడొద్దు. హంపీలో విరూపాక్షుడున్నాడు, విఠ్ఠలాలయం ఉంది, చూసిరండి.

సామాన్ల విషయానికొస్తే, బిగుతుగా ఉండే క్లైంబింగ్ బూట్లు, చెమట పీల్చే తెల్లటి చాక్ పొడి, దాన్ని తుడవడానికి మెత్తటి బ్రష్, వేళ్ళకు టేపు. అసలైన వస్తువు క్రాష్ ప్యాడ్. నాలుగైదు అంగుళాల మందం ఫోమ్ పరుపు, పెట్టెలా మడిచి వీపున వేసుకోవచ్చు. అక్కడ అద్దెకిచ్చేవాళ్ళున్నారు గానీ సీజన్లో దొరకవు, ముందే ఫోన్ చేసుకోవాలి. అయితే పరుపుంది కదా అని ధీమా వద్దు. మా స్నేహితుడొకడు సరిగ్గా రెండు పరుపుల మధ్య సందులో కాలుపెట్టి పడ్డాడు. మడమ పూరీలా పొంగింది. వాణ్ణి గట్ల వెంట ఇద్దరం మోసుకొచ్చాం. అప్పట్నుంచి పరుపులు కలిసేచోట ఇంకోటి అడ్డంగా పరుస్తున్నాం. కింద నిలబడే మనిషి పడేవాణ్ణి చేతుల్లో పట్టుకోవాలనుకోవడం కూడా పొరపాటే, ఇద్దరికీ దెబ్బలు తగులుతాయి. నడుము దగ్గర చేయివేసి, తల రాయికి కొట్టుకోకుండా పరుపు వైపు మళ్ళిస్తే చాలు.

ఇక ఎక్కడం దగ్గరికి వద్దాం. పట్టుకోబోయే చోట ముందు వేలి కణుపుతో తట్టండి. టక్కుమంటే గట్టిది. బోలుగా, ఖాళీ కుండలా మోగిందంటే అది పైపొర, ఊడి చేతికొస్తుంది. కనపడని సందుల్లో చేయి పెట్టొద్దు. రక్తపింజరలు, తేళ్ళు కూడా నీడ కోసం అక్కడికే చేరతాయి. పైన తేనెతుట్టె ఉందేమో చూడండి. ఆ చుట్టుపక్కల రాళ్ళమీద ఎర్రరంగుతో వేసిన ఆదిమానవుల బొమ్మలున్నాయి. అలాంటి రాయి మీద చేయి వేయకండి, చాక్ అసలే వద్దు. శాసనాలు, గుడి గోడలు, మంటపాల సంగతి వేరే చెప్పక్కర్లేదు కదా. హంపీ 1986 నుంచి యునెస్కో వారసత్వ స్థలం.

మంచి బండలు చాలావాటికి దారి వరిచేల గట్ల మీదుగానే. తుంగభద్ర డ్యామ్ కట్టాక కోస్తా జిల్లాల నుంచి తెలుగు రైతులు వచ్చి గంగావతి, సింధనూరు వైపు భూములు కొనుక్కుని స్థిరపడ్డారు. వాళ్ళ ఊళ్ళను అక్కడ క్యాంపులంటారు. ఒకసారి వీపున పరుపు వేసుకుని గట్టుమీద పోతుంటే, "ఆ మంచం ఎక్కడికి బాబూ?" అని తెలుగులో వినిపించింది. పొలం ఆయనదే. చెప్పకుండా వచ్చినందుకు సిగ్గుపడి, విషయం చెప్పాం. ఆయన గట్టున కూర్చుని బీడీ వెలిగించి మా ఆట చూశాడు. నేను అరగంట కుస్తీపట్టి ఎలాగో పైకి చేరి, రెండు చేతులూ పైకెత్తాను. కింద నుంచి ఒకటే ప్రశ్న: "ఎక్కావు, సరే. దిగేదెలాగయ్యా?"

చూస్తే నాలుగు వైపులా నున్నటి గుండు. ఎక్కిన దారిలో దిగలేను. పరుపు మీదికి దూకుదామంటే గుండె చాలలేదు. చివరికి ఆయనే లేచి, వెనకవైపు పక్కరాయిని ఆనుకున్న చోటు చూపించాడు. వీపు ఒక రాతికి, కాళ్ళు రెండోదానికి ఆనించి, కూర్చున్నట్టే జరుగుతూ దిగాను. ప్యాంటు చిరిగింది. పిల్లలప్పుడు అందరూ అలాగే దిగేవాళ్ళన్నాడు. అప్పట్నుంచి కొత్త బండ కనపడితే, క్లైంబింగ్ బూట్లు తొడుక్కునేముందు దాని చుట్టూ ఒక ప్రదక్షిణ చేస్తున్నాను.

ఈసారి డిసెంబర్ ఆఖరి వారంలో ఏడుగురం బయల్దేరుతున్నాం. మనిషికి మూడు లీటర్ల నీళ్ళు, ఓఆర్ఎస్ ప్యాకెట్లు, క్రేప్ బ్యాండేజీ సర్దాం. నిన్న ఆ రైతుకు ఫోన్ చేశాను. కోతలైపోయాయట, ఈసారి గట్లు పట్టుకుని రానక్కర్లేదు, మడిలోంచే నడిచి రమ్మన్నాడు. మంచం తెచ్చుకోవడం మరిచిపోవద్దన్నాడు. మా నాన్న కూడా వస్తానంటున్నారు, చెప్పుల్లేకుండా.

సెలవు.