1921లో గేలిచేసిన ఒక తెలుగు ఉపన్యాసం

నమస్కారం. ఎన్నికలు వచ్చినప్పుడల్లా మన ఇళ్లలో, టీ కొట్ల దగ్గర ఒక మాట వినిపిస్తుంది. "మన జనం ఇంకా ఆ స్టేజ్‌కి రాలేదండీ. ముందు వాళ్లలో సంస్కారం పెరగాలి. ఆ తర్వాతే మంచి రాజకీయం, మంచి ఆర్థిక వ్యవస్థ" అని. ఈ మాటలో సగం నిజం ఉంది. మిగతా సగం వింటే నాకు కోపం వస్తుంది. ఎందుకంటే ఆ మాట అనేవాళ్లు తాము ఆ స్టేజ్ దాటేశామన్న ధీమాతోనే అంటారు. ఎదుటివాళ్లు మాత్రం ఎప్పటికీ కింద మెట్టు మీదే ఉండి ఆగాలి.

సంస్కృతి ఒక దశ నుంచి ఇంకో దశకు ఎలా వెళ్తుంది? వెళ్లినప్పుడు రాజకీయం, భూమి, కూలి, అప్పు ఎలా మారతాయి? సిద్ధాంతాల్లో వెతకకుండా మన దగ్గరే జరిగిన ఒక కథ చూద్దాం. 1901 నుంచి 1951 వరకు, ఎక్కువ కాలం నిజాం పాలనలో ఉన్న తెలంగాణ. యాభై ఏళ్ల కథ.

1921 నవంబరు. హైదరాబాదులో సంఘ సంస్కరణ సభ జరుగుతోంది. మరాఠీ సంఘసంస్కర్త మహర్షి కార్వే అధ్యక్షుడు. కొందరు ఇంగ్లీషులో మాట్లాడారు, కొందరు ఉర్దూలో, కొందరు మరాఠీలో. సభ శ్రద్ధగా విన్నది. తర్వాత ఆలంపల్లి వెంకటరామారావు అనే వకీలు లేచి తెలుగులో మొదలుపెట్టారు. సభలో గోల. చప్పట్లు కొట్టి, ఎగతాళి చేసి, ఆయన మాట సాగనివ్వలేదు. ఆ రాజ్యంలో దాదాపు సగం మంది మాట్లాడే భాష తెలుగే. అయినా రాజధాని నడిబొడ్డున ఒక చదువుకున్న మనిషి ఆ భాషలో నాలుగు ముక్కలు చెప్పలేకపోయాడు. ఆ రాత్రే కొద్దిమంది కలిసి ఆంధ్రజన సంఘం పెట్టుకున్నారు.

ఈ సంఘటనను మనం భాషాభిమానం కథగా చెప్పుకుంటాం. నాకు ఇందులో భూమి కథ కూడా కనిపిస్తుంది. ఎందుకో చెప్పాలంటే అప్పటి పల్లెలోకి వెళ్లాలి.

రాజ్యంలోని భూమిలో సుమారు 60 శాతం దివానీ, అంటే సర్కారుకు శిస్తు కట్టే భూమి. 30 శాతం జాగీర్లు, అంటే నిజాం తన వాళ్లకు ఇచ్చేసిన భూమి. మిగిలిన 10 శాతం సర్ఫేఖాస్, అంటే నిజాం సొంత ఖర్చులకు ఆదాయమిచ్చే భూమి. దివానీ పల్లెల్లో కూడా పేరుకే సర్కారు, పెత్తనమంతా దేశ్‌ముఖ్‌లది, దొరలది. గడీలో పెళ్లయితే కుమ్మరి కుండలు ఇవ్వాలి, గొల్లకురుమలు మందలోంచి గొర్రెను ఇవ్వాలి, చాకలి బట్టలుతకాలి. మాదిగ చెప్పులు కుట్టాలి, దొర బండి ముందు పరుగెత్తాలి. అధికారి ఊరికి వస్తే కోమటి కొట్టులోంచి సామాను పంపాలి. కూలి లేదు, లెక్క లేదు. దీని పేరే వెట్టి. ఆ వెట్టికి ఒక నోటిమాట ఉంది. మీరందరూ విన్నదే. "నీ బాంచన్, దొరా. కాల్మొక్త."

ఈ మాట దగ్గర కాసేపు ఆగుదాం. దీన్ని మనం మర్యాదకో, భయానికో గుర్తుగా చూస్తాం. ఆ ఊరి ఆర్థిక వ్యవస్థ మొత్తం ఈ మాట మీదే నడిచేది. కూలి అడగాలంటే ముందు "నేను పని చేశాను, నాకు రావలసింది ఉంది" అనే వాక్యం నోట్లోంచి రావాలి. మోకాళ్ల మీద కూర్చుని, నేల చూస్తూ, తనను తాను బాంచను, అంటే బానిసను అని పిలుచుకునే మనిషికి ఆ వాక్యం ఎక్కడి నుంచి వస్తుంది? గడీ గోడల కన్నా ఆ మాటే దొరకు ఎక్కువ కాపలా కాసింది. భూమి మారాలంటే ముందు ఆ మాట మారాలి. సంస్కృతి దశ అని నేను అంటున్నది ఈ సంగతినే. ఎన్ని డిగ్రీలున్నాయి, ఎంత శుభ్రంగా బట్టలు కట్టుకుంటారు అన్నది కాదు. తన బాధను తన భాషలో, పదిమంది ముందు, తల ఎత్తి చెప్పుకోగలడా లేడా అన్నది.

ఇప్పుడు ఇరవై ఏళ్లు వెనక్కి వెళ్దాం. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం మొదలైంది. కొమర్రాజు లక్ష్మణరావు, రావిచెట్టు రంగారావు, మునగాల రాజా నాయని వెంకట రంగారావు దాని వెనక ఉన్నారు. మూడేళ్లకు హనుమకొండలో రాజరాజనరేంద్ర భాషానిలయం వచ్చింది. అక్కడ దొరికేవి పుస్తకాలూ పత్రికలే. కానీ సాయంత్రం పూట తెలుగువాళ్లు ఒకచోట కూర్చుని తెలుగులో మాట్లాడుకునే చోటు ఒకటి ఏర్పడింది. అది చిన్న విషయం కాదు. తర్వాతి కాలంలో నిజాం ప్రభుత్వం గస్తీ నిషాన్ 53 అనే ఉత్తర్వు తెచ్చి, అనుమతి లేకుండా సభ పెట్టకూడదంది. రాజకీయ సభకు అనుమతి రాదు. గ్రంథాలయ వార్షికోత్సవానికి, సాహిత్య సభకు మాత్రం ఎలాగోలా దొరికేది. దాంతో రాజకీయం మాట్లాడే అవకాశం లేని చోట గ్రంథాలయమే ఊపిరి తీసుకునే కిటికీ అయింది.

ఇదే సమయంలో నిజాం సరిహద్దుకు అవతలి వైపు, బ్రిటిష్ వాళ్ల కింద ఉన్న ఆంధ్ర వైపు చూడండి. 1914లోనే బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం ఏర్పడింది. అయ్యంకి వెంకటరమణయ్య దానికోసం ఊరూరా తిరిగారు. అక్కడా పేదరికం ఉంది, జమీందార్లు ఉన్నారు, బ్రిటిష్ పాలన ఉంది. కానీ బడులు, పత్రికలు, సభలు ముందే వచ్చాయి. సరిహద్దుకు రెండు వైపులా అదే భాష, అవే కులాలు, అవే పండగలు. ఒక వైపు వాళ్లు పుట్టుకతో ఎదిగినవాళ్లు, ఇంకో వైపు వాళ్లు వెనకబడినవాళ్లు అవుతారా? తేడా మనుషుల్లో లేదు. బడి ఏ భాషలో ఉంది, సభకు అనుమతి ఎవరివ్వాలి అన్న దాంట్లో ఉంది. "జనం ఆ స్టేజ్‌కి రాలేదు" అనేవాళ్లకు నేను ముందుగా చూపించేది ఈ రెండు వైపులనే.

మళ్లీ ఆంధ్రజన సంఘం దగ్గరికి వద్దాం. మాడపాటి హనుమంతరావు దానికి వెన్నెముక. సంఘం మొదట్లో ఏం అడిగింది? వర్తకులను అధికారులు పెట్టే బాధలు పోవాలంది. ఊళ్లలో బడులు, గ్రంథాలయాలు పెట్టింది. వెట్టి గురించి తెలుగులో చిన్న పుస్తకాలు వేసి పంచింది. ఇవన్నీ మంచి పనులే. కానీ భూమి దున్నేవాడిదని ఎవరూ అనలేదు. ఎందుకనలేదు? సంఘంలో ఉన్నవాళ్లు వకీళ్లు, వర్తకులు, కొందరు భూస్వాములు. వాళ్ల జీవితంలోంచి వచ్చిన ప్రశ్నలే వాళ్లు అడిగారు. నేను వాళ్లను తప్పుపట్టడం లేదు. ఎవరి చేతికి అక్షరం అందితే వాళ్ల ప్రశ్నే ముందు బయటికొస్తుంది. ఆ కాలంలోనే భాగ్యరెడ్డి వర్మ హైదరాబాదులో దళిత పిల్లలకు బడులు పెట్టి, హరికథలు చెప్పించి, ఇంకో వైపు నుంచి అదే పని చేస్తున్నారు. ఆయన ప్రశ్నలు వేరు. అవి పెద్ద సభల వేదికల దాకా చేరడానికి చాలా కాలం పట్టింది.

1926లో సురవరం ప్రతాపరెడ్డి గోలకొండ పత్రిక పెట్టారు. కొన్నేళ్లకు తెలంగాణలో కవులే లేరన్న మాట ఒకటి వచ్చింది. ఆయన మాటకు మాట అనలేదు. ఊరూరికీ ఉత్తరాలు రాసి, కవిత్వం తెప్పించి, 354 మంది కవులతో 1934లో గోలకొండ కవుల సంచిక అచ్చువేశారు. ఆ పని గురించి చదివినప్పుడల్లా నాకు ఒళ్లు జలదరిస్తుంది. ఎక్కడో పల్లెలో ఒంటరిగా పద్యం రాసుకుంటున్న మనిషికి, తనలాంటి వాళ్లు ఇంకా ఎంతోమంది ఉన్నారని ఆ రోజు తెలిసింది.

ఆంధ్రజన సంఘమే పెరిగి ఆంధ్రమహాసభ అయింది. 1930లో జోగిపేటలో దాని మొదటి సభ. అధ్యక్షుడు సురవరమే. తీర్మానాలు ఎక్కువగా బాల్యవివాహాల మీద, చదువు మీద, సంఘ సంస్కరణ మీద. రాజకీయం ఇంకా గొంతు విప్పలేదు. తర్వాత సభలు జరిగే కొద్దీ యువకులు వచ్చారు. బాధ్యతాయుత ప్రభుత్వం కావాలన్న మాట వచ్చింది. 1944లో భువనగిరి సభ. అధ్యక్షుడు కమ్యూనిస్టు నాయకుడు రావి నారాయణరెడ్డి. ఆయనా భూస్వామి కుటుంబంలో పుట్టినవాడే. ఆ సభ దగ్గర మహాసభ రెండుగా చీలింది. మితవాదులు వేరుపడ్డారు. ఇవన్నీ చరిత్ర పుస్తకాల్లో ఉంటాయి. నేను చెప్పదలచుకున్నది చిన్నగా కనిపించే ఇంకో విషయం. సభ్యత్వ రుసుము అణాకు తగ్గించారు.

ఒక్క అణా, అంటే రూపాయిలో పదహారో వంతు. జీతగాడు, కూలి మనిషి కూడా అణా ఇచ్చి సభ్యుడు కావచ్చు. ఊళ్లో జనం మహాసభను "సంఘం" అని పిలుచుకున్నారు. అణా ఇస్తే వచ్చే చిట్టీ దాచుకున్నారు. చాలామందికి తమ పేరుతో వచ్చిన మొదటి కాగితం అదే అయివుంటుంది. అప్పటిదాకా కాగితం అంటే దొర దగ్గరుండే అప్పు పత్రం, పట్వారీ దగ్గరుండే లెక్క. చదువొచ్చిన ఒకడు కరపత్రం పైకి చదివితే వాడకట్టంతా విన్నది. బుర్రకథ దళాలు వచ్చి చెబితే అక్షరం రానివాళ్లకు కూడా విషయం అందింది. చదవడం రావాలన్న షరతు లేకుండానే జనం తర్వాతి మెట్టు ఎక్కారు. ఈ ముక్క నాకు చాలా ముఖ్యం. సంస్కృతి ఎదగడమంటే అందరూ బడికెళ్లే దాకా ఆగడం అనుకుంటాం. ఇక్కడ అలా జరగలేదు.

ప్రశ్నలు వెంటనే మారాయి. వెట్టి బంద్. కూలి పెంచాలి. ఆక్రమించిన భూమి తిరిగివ్వాలి. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ కౌలుకు చేసుకుంటున్న పొలం మీద విసునూరు దేశ్‌ముఖ్ కన్నేశాడు. పంటకొచ్చే దాకా ఊరుకుని, కోతకు మనుషులను పంపాడు. సంఘం వాళ్లు ఆమె పక్కన నిలబడి పంట కోసి ఆమె ఇంటికి చేర్చారు. 1946 జూలై 4న కడవెండిలో ఊరేగింపు మీద దేశ్‌ముఖ్ మనుషులు కాల్పులు జరిపారు. దొడ్డి కొమురయ్య చనిపోయాడు. అక్కడి నుంచి తెలంగాణ సాయుధ పోరాటం ఊళ్లు దాటింది. అప్పు పత్రాలు తగలబెట్టారు. భూమి పంచారు. ఒక కుటుంబానికి ఎంత ఉండవచ్చో పరిమితి పెట్టారు. 500 ఎకరాలతో మొదలైన ఆ పరిమితి చివరికి తరి, అంటే నీళ్లు పారే భూమి 10, ఖుష్కి, అంటే మెట్ట భూమి 100 ఎకరాలకు దిగింది. "కాల్మొక్త" అన్న నోరే "ఎందుకియ్యాలె?" అని అడిగింది.

నెత్తురు కూడా చాలా పారింది. నిజాం పక్షాన నిలిచిన రజాకార్ల దాడులు, 1948 సెప్టెంబరులో భారత సైనిక చర్య, ఆ తర్వాత మూడేళ్ల అణచివేత. వేలమంది పోయారు. పోరాటాన్ని 1951 అక్టోబరులో విరమించారు. విరమణ సరైనదా కాదా అన్న వాదన ఇప్పటికీ ఉంది. దాని జోలికి ఈ వీడియోలో వెళ్లను.

చట్టాలు ఎప్పుడొచ్చాయో చూడండి. జాగీర్ల రద్దు 1949లో. హైదరాబాద్ కౌలుదారీ చట్టం 1950లో. అంటే ఊళ్లో మాట మారి, అడిగే ధైర్యం వచ్చి, భూమి చేతులు మారిన తర్వాతే చట్టం వచ్చింది. 1952 ఎన్నికల్లో నల్లగొండ నుంచి రావి నారాయణరెడ్డి గెలిచారు. ఆయనకు పడిన ఓట్లు నెహ్రూకు పడిన వాటికన్నా ఎక్కువ. చదువు రాని ఓటర్లతో ఎన్నికలు నడవవని ఆ రోజుల్లో పెద్దపెద్దవాళ్లే అనుమానపడ్డారు. నల్లగొండ ఓటరు ఎవరికి వేయాలో తెలిసే వేశాడు. అతను ఎనిమిదేళ్లుగా అణా చిట్టీ దగ్గర రాజకీయం నేర్చుకుంటూ వచ్చాడు.

అయితే కథ ఇక్కడ చక్కగా ముగిసిపోలేదు. 1950 చట్టం రక్షిత కౌలుదారు, అంటే ఇష్టమొచ్చినట్టు భూమి నుంచి వెళ్లగొట్టకూడని కౌలుదారు అన్న హక్కును సృష్టించింది. సంఘం గట్టిగా పనిచేసిన ఊళ్లలో ఆ హక్కును పట్టుకుని నిలబడినవాళ్లున్నారు. సంఘం చేరని చోట, చేరినా అణచివేతలో చెదిరిపోయిన చోట, కౌలుదారు తనంతట తనే "నాకు వద్దు" అని వేలిముద్ర వేసి భూమి వదులుకున్నాడు. అలా వేయించారు. చట్టం అదే, కాగితం అదే. దాన్ని పట్టుకోగల చెయ్యి ఒక ఊళ్లో తయారైంది, ఇంకో ఊళ్లో కాలేదు. పైనుంచి ఎంత మంచి ఆర్థిక సంస్కరణ తెచ్చినా కింద మనిషి నోట్లో పాత మాటే ఉంటే అది రికార్డుల్లోనే ఉండిపోతుంది.

రెండు దశాబ్దాలు దాటాక, 1970లలో, అదే చట్టంలోని 38-ఇ సెక్షన్ కింద రక్షిత కౌలుదారులకు యాజమాన్య సర్టిఫికెట్లు ఇవ్వడం మొదలైంది. ఈ రోజుకీ భూమి తగాదాల్లో, కోర్టుల్లో ఆ 38-ఇ సర్టిఫికెట్ల పేరు వినిపిస్తూనే ఉంది. వచ్చే వీడియో దాని మీదే చేస్తున్నాను. మీ తాతల పేరుతో అలాంటి కాగితం ఇంట్లో ఎక్కడైనా ఉందేమో ఒకసారి ట్రంకు పెట్టె తీసి చూడండి. ఉంటే, అది ఎలా వచ్చిందో, దాని కోసం ఎవరు తిరిగారో, ఇంట్లో పెద్దవాళ్లు ఉండగానే అడిగి రాసిపెట్టుకోండి. కింద కామెంట్లలో మీ ఊరి పేరు, ఆ కథ రాయండి. నేను ప్రతి ఒక్కటీ చదువుతాను.