గీతకూ గీతకూ మధ్య

అధ్యక్షులకు, నిర్వాహకులకు, సెలవు రోజున కూడా ఇంత దూరం వచ్చిన సాంఘిక శాస్త్ర, భౌతిక శాస్త్ర ఉపాధ్యాయ మిత్రులకు నమస్కారం.

బడిలో చదివి మనలో చాలామంది మరిచిపోయే కాంటూరు (ఒకే ఎత్తున్న చోట్లను కలిపే గీత) అన్న మాట, కూనవరం, వరరామచంద్రాపురం, కుక్కునూరు, వేలేరుపాడు మండలాల్లో టీ దుకాణం దగ్గర కూడా వినిపిస్తుంది. "మీ ఊరు ఏ కాంటూరులో ఉంది?" అని అక్కడ ఒకరినొకరు అడుగుతారు. 41.15, 45.72 అన్న అంకెలు చదువు రాని పెద్దవాళ్ల నోట కూడా తడబడకుండా వస్తాయి. పోలవరం జలాశయం ముంపు వాళ్ల దగ్గరికి ముందుగా నీళ్లుగా రాలేదు, గీతగా వచ్చింది. ఇంటికీ పొలానికీ పరిహారం ఏ దశలో వస్తుందో ఆ గీతను బట్టి ఉంటుంది. మన రెండు రాష్ట్రాల్లో ఒక పటంలోని గీత ఇంతమంది బతుకులను నేరుగా తాకిన సందర్భం మరొకటి నాకు తోచడం లేదు. అందుకే పటాలనూ గ్రాఫులనూ చదవడం గురించిన ఈ పాఠాన్ని అక్కడి నుంచే మొదలుపెడుతున్నాను.

ముందు ఆ అంకెల సంగతి చూద్దాం. జలాశయం పూర్తి నీటిమట్టం 45.72 మీటర్లు అంటే సరిగ్గా 150 అడుగులు. మొదటి దశ మట్టం 41.15 మీటర్లు అంటే 135 అడుగులు. అడుగుల్లో గుండ్రంగా ఉన్నవి మీటర్లలోకి మారేసరికి దశాంశాలు వచ్చి చేరాయి. చుక్క తర్వాత రెండు అంకెలు కనిపించగానే ఎవరో సెంటీమీటరు వరకూ నేలను కొలిచారనిపిస్తుంది. ఆ అంకె చెప్పేది నీరు ఎంత ఎత్తున నిలుస్తుందన్నదే. ఆ ఎత్తు నేల మీద ఏ వీధిలో, ఎవరి గుమ్మం ముందు ఆగుతుందన్నది వేరే ప్రశ్న. పటం చదవడం అంటే ఆ రెండో ప్రశ్నకు జవాబు వెతకడం.

నిలిచిన నీటి అంచే కాంటూరు. "సముద్రమట్టం నుంచి ఒకే ఎత్తులో ఉన్న ప్రదేశాలను కలిపే ఊహారేఖ" అన్న పుస్తకం వాక్యం తప్పేమీ కాదు. కానీ అది బట్టీకి లొంగినంత తేలిగ్గా కంటికి లొంగదు. కంటికి చూపించాలంటే ఒక టబ్బు, కాస్త బంకమట్టి చాలు. పిల్లలతో చిన్న కొండ చేయించండి. ఒక పక్క నిటారుగా, మరో పక్క ఏటవాలుగా ఉండాలి. శిఖరం నుంచి కిందికి వేలితో ఒక వాగు గీయించండి. టబ్బు అంచుకు స్కేలు నిలబెట్టి, ఒక సెంటీమీటరు ఎత్తు నీళ్లు పోసి, నీరు మట్టిని తాకిన చోటల్లా పుల్లతో గీత గీయమనండి. మళ్లీ ఒక సెంటీమీటరు, మళ్లీ గీత. కొండ మునిగాక నీళ్లు తోడేసి, సరిగ్గా పైనుంచి చూడమనండి. నిటారు పక్కన గీతలు ఒకదానినొకటి ఒరుసుకుంటూ కనిపిస్తాయి, ఏటవాలు పక్కన ఎడంగా ఉంటాయి. వాగు దగ్గర ప్రతి గీతా మొన తేలి ఎగువకు వంగి ఉంటుంది. ఎందుకు వంగిందని పిల్లలు అడగరు, నీరు వాగులోంచి లోపలికి పాకడం వాళ్లు చూశారు కాబట్టి. రెండు గీతలు ఎందుకు ఖండించుకోవో కూడా అప్పుడే తెలిసిపోతుంది. నీటి అంచు ఒకే చోట రెండు ఎత్తుల్లో ఉండదు.

ఇప్పుడు సర్వే ఆఫ్ ఇండియా వారి 1:50,000 స్కేలు పటం షీటు చేతికివ్వండి. గోధుమరంగు గీతలు సాధారణంగా 20 మీటర్లకు ఒకటి చొప్పున ఉంటాయి, ప్రతి ఐదో గీతా మందంగా ఉంటుంది. పాపికొండల వైపు చూస్తే పక్కపక్క గీతల మధ్య రెండు మిల్లీమీటర్లే ఉన్న చోట్లు దొరుకుతాయి. రెండు మిల్లీమీటర్లంటే నేల మీద వంద మీటర్లు. ఆ వంద మీటర్లలో 20 మీటర్లు ఎక్కాలి, అంటే ఐదుకు ఒకటి వాలు. అదే ఎడం రెండు సెంటీమీటర్లయితే కిలోమీటరు దూరంలో 20 మీటర్లే ఎక్కుతాం. ఎత్తు గీత మీద రాసి ఉంటుంది, వాలు మాత్రం గీతల మధ్య ఖాళీలో ఉంటుంది. మన పిల్లలు గీత మీది అంకె చదువుతారు, ఖాళీని చదవరు.

కోనసీమ షీటు తెరిస్తే కాలువలు, కొబ్బరితోటలు, ఊళ్లు కనిపిస్తాయి, కాంటూరు మాత్రం కనిపించదు. అక్కడి నేలంతా 20 మీటర్లకు లోపే. అంత మాత్రాన వాలు లేదని కాదు. ఏ చేలో మురుగు నిలుస్తుందో, ఏ డ్రెయిను లాగుతుందో తేల్చేది అక్కడ అర మీటరు తేడా. 20 మీటర్ల అంతరం ఆ నేలకు పనికిరాదు. అంతరం ఎంత ఉండాలన్నది నేలను బట్టి, అవసరాన్ని బట్టి మనిషి తీసుకునే నిర్ణయం. పటం గీయడం నేర్పేటప్పుడు ఈ నిర్ణయం పిల్లలనే తీసుకోనివ్వాలి. మనమే చెప్పేస్తే వాళ్లకు మిగిలేది పెన్సిలు పని.

ఇక 41.15 దగ్గరికి వద్దాం. 20 మీటర్ల అంతరం ఉన్న షీటులో 40 గీత ఉంటుంది, 60 గీత ఉంటుంది, 41.15 ఉండదు. దాన్ని గీయాలంటే నేల మీద మరిన్ని చోట్ల ఎత్తులు కొలవాలి, కొలిచిన వాటి మధ్య లెక్క కట్టాలి. ఒక పెద్ద పటం మీద రెండు బిందువులున్నాయి, ఒకటి 38 మీటర్లు, ఇంకొకటి 46 మీటర్లు, వాటి మధ్య 80 మిల్లీమీటర్లు అనుకుందాం. ఎనిమిది మీటర్ల ఎత్తుకు 80 మిల్లీమీటర్లు. 38 నుంచి 41.15కు 3.15 మీటర్లు, కాబట్టి 38 నుంచి 31.5 మిల్లీమీటర్ల దగ్గర చుక్క పెట్టాలి. లెక్క చిన్నదే. అయితే ఇందులో పైకి కనిపించని షరతు ఒకటుంది: ఆ రెండు బిందువుల మధ్య నేల ఒకే వాలుతో ఎక్కుతోందని మనం అనుకున్నాం. మధ్యలో గట్టు ఉన్నా, వాగు ఉన్నా ఆ చుక్క తప్పుతుంది.

ఎంత తప్పుతుంది? నది ఒడ్డు ఊళ్లలో వందకు ఒకటి వాలు ఉందనుకోండి. ఎత్తులో అర మీటరు తేడా వస్తే గీత నేల మీద 50 మీటర్లు జరుగుతుంది. 50 మీటర్లంటే ఒక వరుస ఇళ్లు. కొండ పక్క ఐదుకు ఒకటి వాలులో అదే అర మీటరు తేడా రెండున్నర మీటర్లతో పోతుంది. నేల ఎంత చదునుగా ఉంటే గీత అంత అనుమానాస్పదం. గీతలు దగ్గరగా ఉన్న చోట పటాన్ని నమ్మవచ్చు, దూరంగా ఉన్న చోట కొలతలు ఎన్ని చోట్ల తీసుకున్నారని అడగాలి. ఇది ఇంజనీర్లకు తెలియనిది కాదు. ఆ ఊరి బడిలో చదివే పిల్లకు కూడా తెలియాలన్నదే నా పట్టుదల.

2022 జులై వరదల తర్వాత ఆ మండలాల్లో పెద్ద చర్చ నడిచింది. 41.15 కాంటూరుకు బయట ఉన్నాయన్న ఊళ్లలోకి కూడా నీళ్లు వచ్చాయి, కాబట్టి మళ్లీ సర్వే చేయాలని జనం అడిగారు. సర్వేలో తేడా ఉండవచ్చు, దాన్ని నేల మీద కొలిచే తేల్చాలి. కానీ దానితో సంబంధం లేని కారణం కూడా ఒకటుంది. కాంటూరు నిలిచిన నీటి అంచు అని చెప్పుకున్నాం. వరద నిలిచిన నీరు కాదు. పారే నది ఉపరితలం ఎగువ నుంచి దిగువకు వాలి ఉంటుంది, వాలు లేకపోతే అది పారదు. దానికి తోడు పాపికొండల దగ్గర గోదావరి ఇరుకు దారిలో పడి వెళ్లాలి. ఇరుకు దగ్గర ఒత్తిడికి నీరు వెనక్కి ఎగదన్నుతుంది, కూనవరం దగ్గర శబరి వచ్చి కలుస్తుంది. అందువల్ల పోలవరం దగ్గర ఒక మట్టం ఉన్న రోజున కూనవరం దగ్గర అంతకంటే ఎక్కువ మట్టమే ఉంటుంది. వరద అంచు ఒకే కాంటూరును పట్టుకుని సాగదు, ఎగువకు పోయే కొద్దీ కాంటూరు తర్వాత కాంటూరు దాటుకుంటూ పోతుంది. జలాశయం గీత, వరద గీత వేరు వేరు. రెండూ గీసి పక్కపక్కన చూపించాల్సినవి.

గ్రాఫు విషయానికి వస్తే, భద్రాచలం నీటిమట్టం కన్నా మంచి పాఠం మనకు దొరకదు. 43 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 2022 జులై 16న అక్కడ 71.3 అడుగులు నమోదైంది, 1986 ఆగస్టులో 75.6. ఈ అంకెలు పిల్లలకు తెలుసు, టీవీలో చూస్తారు. గంట గంటకూ ప్రకటించే మట్టాలను కాగితం మీద పెట్టించండి, అడ్డంగా కాలం, నిలువుగా అడుగులు. గీత శిఖరం ఎంత అన్నది అందరూ చూస్తారు. ఊరు ఖాళీ చేయించే తహసీల్దారుకు కావలసింది మాత్రం ఆ శిఖరం కంటే ముందు గీత ఎంత నిటారుగా లేస్తోందన్నది. ఆరు గంటల్లో ఒక అడుగు పెరిగితే ఒక తీరు ఏర్పాటు, నాలుగు అడుగులు పెరిగితే ఇంకో తీరు. కాంటూరు పటంలో దగ్గర గీతలు చెప్పే మాటనే గ్రాఫులో నిటారు గీత చెబుతుంది.

అక్షాలను చూడకుండా గీతను చూడటం పెద్ద ప్రమాదం. భద్రాచలంలో 43 అడుగులంటే సముద్రమట్టానికి 43 అడుగులు కాదు, ఆ స్కేలు సున్నా అక్కడి నది దగ్గరే ఉంది. కాంటూరు అంకెలేమో సముద్రమట్టం నుంచి లెక్కించినవి. దేశంలో ఎత్తులకు ఆధారంగా 1909లో స్థిరపరచిన సగటు సముద్రమట్టానికి కొలతలు తీసుకున్న రేవుల్లో మన విశాఖపట్నం కూడా ఉంది. ఈ రెండు సున్నాలనూ కలిపేసి "43 అడుగులకే భయపడితే 135 అడుగుల కాంటూరు ఎలా మునుగుతుంది" అని వాదించేవాళ్లు ఎదురైతే, సున్నా ఎక్కడుందని అడగగల విద్యార్థి మనకు కావాలి. భూకంపాల అంకెలదీ ఇదే చిక్కు. 2024 డిసెంబరు 4న ములుగు ప్రాంతంలో వచ్చింది 5.3, 2001లో భుజ్‌లో వచ్చింది 7.7. తేడా 2.4 మాత్రమే కదా అనిపిస్తుంది. ఆ స్కేలులో ఒక్కో మెట్టుకు ప్రకంపన పరిమాణం పది రెట్లు, వెలువడే శక్తి దాదాపు 32 రెట్లు పెరుగుతుంది. కాబట్టి శక్తిలో ఆ తేడా సుమారు నాలుగు వేల రెట్లు.

ఒకే వాయుపీడనం ఉన్న చోట్లను కలిపే సమభార రేఖల గురించి ఒక్క మాట. తుపాను పటంలో అవి కేంద్రం చుట్టూ ఎంత ఇరుగ్గా ఉంటే గాలి అంత ఉధృతంగా వీస్తుంది. ఒకే విలువ ఉన్న చోట్లను గీతతో కలిపే పద్ధతితో ఖగోళ శాస్త్రవేత్త ఎడ్మండ్ హేలీ 1701లోనే అట్లాంటిక్ మీద దిక్సూచి ముల్లు అసలు ఉత్తరం నుంచి ఎంత పక్కకు తిరుగుతుందో పటం వేశాడు. నాటి నుంచి ఎత్తుకైనా, పీడనానికైనా, వర్షానికైనా చదివే తీరు ఒక్కటే.

పిల్లలు గీసేటప్పుడు చేసే ఒక పొరపాటును ప్రత్యేకంగా గమనించండి. ఎత్తులు రాసిన కాగితం ఇచ్చి 40 గీత వేయమంటే, 40 అని రాసి ఉన్న చుక్కలను మాత్రమే వెతికి కలుపుతారు. 37కీ 44కీ మధ్య నుంచి కూడా ఆ గీత పోవాలని వాళ్లకు తోచదు. దానికి మందు ఆటస్థలంలో ఉంది. మేస్త్రీలు గోడల మట్టం చూసుకునే, నీళ్లు నింపిన పారదర్శక గొట్టం ఒకటి తెప్పించండి. ఏటవాలు స్థలంలో ఒక మేకు పాతి, అదే మట్టంలో నేల తగిలే చోట్లు గొట్టంతో వెతికి మేకులు పాతించండి. మేకుల వెంట ముగ్గుపిండి చల్లితే నేల మీద నిజమైన కాంటూరు వస్తుంది. దాని వెంట నడిచే పిల్లకు ఎత్తు పక్క ఎప్పుడూ ఒకే చేతి వైపు ఉంటుంది. వాటర్‌షెడ్ పనుల్లో వాలుకు అడ్డంగా తవ్వే కందకాలు ఆ గీత మీదే ఉంటాయి. కూలికి వెళ్లిన తల్లిదండ్రులకు ఆ పని బాగా తెలుసు, వాళ్లను బడికి పిలిచి చెప్పించండి.

చివరగా పరీక్షల గురించి. పదో తరగతి సాంఘిక శాస్త్రంలో పటంలో గుర్తించడానికి మార్కులున్నాయి, చదవడానికి అంతగా లేవు. మార్కు లేని చోట పాఠం నిలవదు. కాబట్టి వచ్చే యూనిట్ పరీక్ష నుంచే మీ ప్రశ్నపత్రంలో ఒక ప్రశ్న ఇలా పెట్టండి: కింది గ్రాఫులో గోదావరి నీటిమట్టం అన్నిటికంటే వేగంగా పెరిగిన ఆరు గంటలు ఏవి? పక్కనున్న కాంటూరు పటంలో ఆ సమయానికి ఏ వీధి వాళ్లు ఏ దిక్కుకు వెళ్లాలి? ఎందుకో రెండు వాక్యాల్లో రాయండి.